లెక్క తప్పితేనే కథ

1941 ఆగస్టు 1. ఇరవై ఒక్కేళ్ల కెమిస్ట్రీ విద్యార్థి ఐజాక్ అసిమోవ్ న్యూయార్క్ సబ్‌వే రైల్లో సైన్స్ ఫిక్షన్ పత్రిక ఎడిటర్ జాన్ కాంప్‌బెల్‌ని కలవడానికి వెళుతున్నాడు. చెప్పడానికి కొత్త కథ లేదు. చేతిలో పుస్తకం తెరిస్తే ఒక సైనికుడి బొమ్మ కనబడింది. ఆలోచన అక్కణ్ణుంచి సైన్యాల మీదికి, రోమన్ సామ్రాజ్య పతనం మీదికి పోయింది. గెలాక్సీ అంతా ఏలే సామ్రాజ్యానికి అదే గతి పడితే? ఒక్క కథ చాలనుకున్నాడు. కాంప్‌బెల్ మాత్రం వరసగా రాయమన్నాడు. అలా పుట్టింది ‘ఫౌండేషన్’.

ముందే ఆ భవిష్యత్ చరిత్రంతా రాసిపెట్టుకోమని ఎడిటర్ సలహా. అసిమోవ్ మొదలుపెట్టాడు గానీ, సాగక చింపేశాడు.

కథకి ఆధారం సైకోహిస్టరీ, జనసమూహాల భవిష్యత్తుని లెక్కకట్టే ఊహాశాస్త్రం. వాయువులో ఒక్కో అణువు ఎటు పోతుందో చెప్పలేం. మొత్తం వాయువు పీడనం లెక్కకట్టగలం. కోట్లాది మనుషులూ అంతేనంటాడు కథలోని గణితవేత్త హారీ సెల్డన్; ఆ లెక్కతోనే భవిష్యత్తుకి పథకం వేస్తాడు. బాగుంది. కానీ అన్నీ లెక్క ప్రకారమే జరిగిపోతుంటే పాఠకుడికి ఉత్కంఠ ఏముంటుంది? కాంప్‌బెల్ పట్టుబట్టి ఆ పథకాన్ని తలకిందులు చేయించాడు. అలా 1945లో వచ్చినవాడే మ్యూల్, ఏ లెక్కకీ అందని ఒక్క మనిషి. నా మటుకు సిరీస్‌కి ప్రాణం వాడే!

ఇక రచయిత తిప్పలు. కొత్త కథ రాయాలంటే పాతవన్నీ మళ్లీ చదువుకోవాలి. వెనకటి సంగతులు కొత్త పాఠకుడికి విసుగు పుట్టకుండా అందించాలి. ఆ చాకిరీతో విసిగి 1950 నాటికి ఆపేశాడు. పాఠకుల, ప్రచురణకర్తల పోరు పడలేక 1982లో మళ్లీ అందుకున్నాడు. 1986 నవల తర్వాత ముందుకు దారి తోచక, 1988లో సెల్డన్ యవ్వనానికి వెనక్కి వెళ్లాడు.