సెయింట్ ఆడ్రీ పట్టునాడా

తళుకే గాని సరుకు లేని నగను మనం గిల్టు నగ అంటాం. ఆ గిల్టు ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న మాటే. ఇంగ్లీషువాళ్ళేమో, అలాంటి నాసిరకం ఆర్భాటాన్ని 'టాడ్రీ' అంటారు. అరుదుగా వినపడే ఈ విశేషణం ఒక రాణిగారి పేరు.

ఏడో శతాబ్దంలో తూర్పు ఇంగ్లండును అన్నా అనే రాజు ఏలేవాడు. పేరు విని పొరబడకండి, మగవాడే! ఆయన కూతురు ఎథెల్‌డ్రెడా. నార్తంబ్రియా రాజును పెళ్ళాడి, తరవాత రాచరికం వదిలి సన్యసించింది. చుట్టూ చిత్తడి నేలలున్న ఈలీ దిబ్బమీద 673లో మఠం పెట్టింది. 679లో గొంతు దగ్గర గడ్డ లేచి కన్నుమూసింది. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్ర ప్రకారం, ఆ బాధను ఆమె సంతోషంగా భరించిందట. చిన్నతనంలో మెడనిండా హారాలు వేసుకు తిరిగినందుకు ఇదే ప్రాయశ్చిత్తం అనుకుందట.

జనం నోట ఎథెల్‌డ్రెడా ఆడ్రీ అయింది. అక్టోబరు 17న ఆమె పేర ఈలీలో తిరునాళ్ళ జరిగేది. అక్కడ పేరుపడ్డ సరుకేమిటో తెలుసా? ఆడవాళ్ళు మెడకు కట్టుకునే పట్టునాడాలు! ఏ సోకును తలుచుకుని ఆవిడ నొచ్చుకుందో, దానికే ఆవిడ పేరు పెట్టి అమ్మారు.

సెయింట్ ఆడ్రీ అని గబగబా అనండి. 'సెయిన్ టాడ్రీ' అని వినిపిస్తుంది. సంధి సూత్రాలు చదువుకున్న మనకు ఇది వింతేమీ కాదు. లండన్‌లో సెయింట్ ఓలవ్ వీధి కూడా ఇలాగే నలిగి టూలీ స్ట్రీట్ అయింది.

మొదట్లో టాడ్రీ తిట్టు కాదు. షేక్స్‌పియర్ 'వింటర్స్ టేల్' నాటకంలో ఒక పల్లెపడుచు, టాడ్రీ నాడా కొనిస్తానన్న మాట ఏమైందని తన వాడిని నిలదీస్తుంది. అంటే అప్పటికది ఆశపడే వస్తువే. తరవాత చవకబారు సరుకు పెరిగి, పదిహేడో శతాబ్దం ముగిసేలోగా ఆ పేరే వెటకారమైంది.

ఈలీ ప్రధాన చర్చిలో ఆమె సమాధిమందిరాన్ని 1541లో పడగొట్టారు. ఇప్పుడక్కడ నేలమీద ఒక సాదా రాతిపలక ఉంది. దానిమీద చెక్కిన పేరు ఎథెల్‌డ్రెడా.