తురాయి నీడ కావాలంటే



వేసవి ముదిరిందంటే తురాయి చెట్లు కుంకుమ భరిణె బోర్లించినట్టు పూస్తాయి. గుల్‌మొహర్ అన్నా ఇదే. ఆ పూలు చూసి, మన వాకిట్లోనూ ఒక చెట్టుంటే బాగుండునని అనుకోని ఇల్లాలు ఉంటుందా? మదనపల్లెలో ఇల్లు కట్టుకున్న కొత్తలో నేనూ అలాగే ముచ్చటపడి, గేటు పక్కన, ప్రహరీగోడకు నాలుగడుగుల్లో ఒక మొక్క నాటాను.

ఆరో ఏట పూసింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవారు. పన్నెండో ఏట గోడ బీటలు వారింది. పక్కింటివారితో మాటా మాటా వచ్చింది. ఆ మరుసటి వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలికి పెద్దకొమ్మ విరిగి వాళ్ళ పెరట్లో పడింది. అంతకు పది నిమిషాల ముందే వాళ్ళ పాప అక్కడ కూర్చుని, తురాయి మొగ్గల్లోని కేసరాలతో కోడిపందేలు ఆడుకుంటున్నది. దేవుడు చల్లగా చూశాడు. మర్నాడే చెట్టు కొట్టించాము. గొడ్డలి దెబ్బలు వినలేక నేను లోపలి గదిలో తలుపు వేసుకున్నాను. తప్పు చెట్టుది కాదు, చోటు చూడకుండా నాటిన నాది.

తురాయి పుట్టిల్లు మడగాస్కర్ దీవి. మన హార్స్‌లీ కొండ మీది నీలగిరి చెట్టులాగే ఇదీ దూరదేశం నుంచి వచ్చిన చుట్టమే. ఏటా కొన్ని నెలలు వాన లేని చోట పెరిగిన చెట్టు గనుక ఎండకు ఆకు రాల్చి తట్టుకుంటుంది. అందుకే మన ఎర్రనేలల్లో బాగా వస్తుంది. కానీ దాని వేళ్ళు ఎక్కువగా పైపైనే పాకి, లావెక్కి గచ్చును లేపుతాయి. కొమ్మ పెళుసు. ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ, గొడుగు విప్పినట్టు పరుచుకుంటుంది. కాబట్టి గోడకు, సెప్టిక్ ట్యాంకుకు, నీళ్ళ గొట్టాలకు కనీసం పాతిక అడుగుల ఎడం ఉంచండి. పైన కరెంటు తీగలు ఉండకూడదు.

ఇక పెంపకం సంగతి. చెట్టు కింద రాలిన ఎండుకాయ, మూరెడు పొడవున కత్తిలాగా ఉంటుంది, తెచ్చుకుని గింజలు తీయండి. గింజ పైపొర మహా గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళు పోసి, ఆ నీళ్ళలోనే ఒక పగలూ ఒక రాత్రీ నాననివ్వండి. ఉబ్బిన గింజలనే సంచుల్లో నాటండి. వారం పదిరోజుల్లో మొలకెత్తుతాయి. ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొంచెం అరగదీసి మళ్ళీ నానబెట్టండి.

మొక్క మోకాలెత్తు దాటాక, తొలకరి పడగానే, రెండడుగుల గుంట తీసి, మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. మేకలు తినకుండా చుట్టూ కంప, గాలికి వాలకుండా ఊతకర్ర పెట్టండి. రోజూ చెంబెడు నీళ్ళు చిలకరించడం కంటే వారానికొకసారి రెండు బిందెలు నిదానంగా పోయడం మేలు. తడి లోపలికి దిగితే వేరూ లోపలికి దిగుతుంది. నీళ్ళు మాత్రం నిలవకూడదు. మొదటి మూడు నాలుగేళ్ళు కింది చిన్నకొమ్మలు కొద్దికొద్దిగా తీస్తూ, మనిషి తలకు తగలనంత ఎత్తున గొడుగు కట్టనివ్వండి. లావెక్కాక కొమ్మలు నరికితే ఆ గాయాల్లోంచి కుళ్ళు పడుతుంది. మొదలు చుట్టూ సిమెంటు చేయించకండి.

పుంగనూరులో మా చెల్లెలికి పెద్ద దొడ్డి ఉంది. ఈ లెక్కలన్నీ చూసుకుని దాని నడుమ నాటించాను. ఇప్పుడా నీడలోనే మధ్యాహ్నం వాళ్ళ ఆవును కడతారు, పిల్లలు ఆడుకుంటారు. కుప్పంలో మా పెద్దమ్మాయిది ముప్పై నలభై అడుగుల సైటు. "అమ్మా, నాకూ ఒక తురాయి మొక్క ఇవ్వు" అంది. "వద్దు తల్లీ" అన్నాను. నెల రోజులు మూతి ముడుచుకుంది. దాని వాకిట్లో పొగడమొక్క పెట్టించాను. అది నిదానంగా పెరుగుతుంది, ఏడాది పొడవునా ఆకుంటుంది, పూలు ఎండినా వాసన పోదు. మొన్న వెళితే ఆ పూలదండ తనే నా చేతిలో పెట్టింది.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, మొక్క నాటేముందు ఒక టేపు తీసుకుని వాకిలి కొలుచుకోండి. చేతిలోని జానెడు మొక్కను కాదు, ఇరవయ్యేళ్ళ తర్వాతి చెట్టును అక్కడ నిలబెట్టి చూసుకోండి. అది నిలవగలిగితేనే గుంట తీయండి. నీడ మనకే కాదు, పక్కింటివాళ్ళకూ చల్లగా ఉండాలి.

సెలవు.