ఆసియా రగ్బీ: క్రింది మెట్ల ఆట

ఏదేని ఒక వరుస అంతులేక సాగినచో కొండవీటి చాంతాడుతో పోల్చుట తెలుగువారి వాడుక. ఆసియాలో రగ్బీ ఆడు దేశముల పట్టీయు అట్టి చాంతాడే. దాని పైకొస జపాను చేతిలో నున్నది. దిగువ భాగమున మనమును, మన ఇరుగుపొరుగు దేశములును ఉన్నాము. పత్రికలు సాధారణముగా పైకొసను గూర్చియే వ్రాయుచుండును. దిగువ భాగమును గూర్చి శ్రోతలతో ముచ్చటించుట నా ఉద్దేశము.

రగ్బీ మన పల్నాటివారి చెవులకు క్రొత్త గాని కన్నులకు అంత క్రొత్త కాదు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని నలుగురు చుట్టుముట్టి పట్టు దృశ్యము మనమెరిగినదే. రగ్బీలో పక్షమునకు పదునైదుగురు ఉందురు. నలువది నిమిషముల చొప్పున రెండు భాగములుగా ఆట సాగును. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. తోటివానికి చేతితో అందించునప్పుడు మాత్రము ముందునకు విసరరాదు. బంతి పట్టినవానిని ఎదుటివారు భుజములకు దిగువన చేతులతో చుట్టి పడవేయుదురు. ఎదుటి పక్షపు గీత దాటి బంతిని నేలకు అదిమినచో 5 పాయింట్లు వచ్చును.

ఈ ఆటకు మన దేశముతో గల సంబంధము విచిత్రమైనది. 1870లలో కలకత్తాలోని ఆంగ్లేయులు ఒక రగ్బీ క్లబ్బు పెట్టి, కొలది యేండ్లకే దానిని మూసివేసిరి. మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసికొని, కరగించి, ఒక పాత్ర చేయించిరి. దాని పిడులు త్రాచుపాములు, మూతపై ఏనుగు. ఆ కలకత్తా కప్పు కొరకు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుండి పోరాడుచున్నవి. కప్పులోని వెండి మనది. కాని మన జాతీయ జట్టు మొదటి అంతర్జాతీయ పోటీ ఆడినది 1998లో, సింగపూరుపై.

ఆసియా రగ్బీ సంఘము 1968లో ఏర్పడెను. మరుసటి యేడు టోకియోలో తొలి పోటీలు జరిగెను. బలవంతులును, బలహీనులును ఒకే గుంపులో పడినప్పుడు ఆట ఆటగా మిగులదు. 2008లో జపాను అరబ్బు గల్ఫు జట్టుపై నూరు పాయింట్లకు పైగా చేసినది. అట్టి ఓటమి ఓడినవానికి నేర్పునది స్వల్పము. గెలిచినవానికి నేర్పునది అంతకన్న స్వల్పము. జట్లను శ్రేణులుగా విభజించు పద్ధతి కలదు. ప్రతి శ్రేణిలో గెలిచినవారు పై మెట్టునకు ఎక్కుదురు. కడపటివారు క్రిందికి దిగుదురు. ఈ ఏర్పాటు వలన క్రింది జట్టునకు సమాన బలము గల ప్రత్యర్థి దొరకును, గెలుపోటములకు అర్థము కలుగును.

అయినను క్రింది మెట్టుపై కష్టములు లేకపోలేదు. ధనము తక్కువ. అందుచే పలు జట్లు ఒకే ఊరిలో చేరి కొలది దినములలో పోటీలు ముగించుకొనును. ఒంటి నొప్పులు తీరకముందే రెండవ ఆట ఆడవలసివచ్చును. అందొక్కటి ఓడినచో మరల యేడాది వేచియుండవలెను. 2020, 2021లలో మహమ్మారి వలన ఆ అవకాశమును పోయినది.

ఇంత కష్టము దేనికని అడుగవచ్చును. మన స్త్రీల జట్టు సమాధానము చెప్పినది. వారు పదునైదుగురి ఆటను అంతర్జాతీయముగా మొదట ఆడినది 2018లో. నాడు గెలుపు దక్కలేదు. 2019 జూనులో ఫిలిప్పీన్సునందు సింగపూరును 21–19 తేడాతో ఓడించి తొలి విజయము సాధించిరి. చివరి ఘడియలలో పెనాల్టీ తన్ని ఆ గెలుపును చేకూర్చినది ఒడిశాకు చెందిన సుమిత్రా నాయక్. రెండు పాయింట్ల ఆ తేడాను లోకము గమనింపకపోవచ్చును. కాని మెట్లు లేనిచో అట్టి ఆట ఆడుటకే చోటుండెడిది కాదు.

ఇందుకు కబడ్డీయే సాక్ష్యము. 1990లో అది ఆసియా క్రీడలలో చేరినది మొదలు 2014 వరకు పురుషుల స్వర్ణము ప్రతిసారియు మనదే. ఇరాను మన వెనుక నిలిచి, మన పట్టులే నేర్చుకొని, 2018లో జకార్తాలో పురుషుల పోటీలోను, స్త్రీల పోటీలోను స్వర్ణము గెలుచుకొన్నది. నాడు మనము మెట్టు దిగి కన్నీరు పెట్టితిమి. మెట్టెక్కినవారి ఓర్పును ఎందరు గమనించిరి? కబడ్డీలో ఇరాను చేసిన పని రగ్బీలో మనము చేయరాదా?

2025లో ముంబయిలో జరిగిన ఏడుగురి ఆట లీగులో హైదరాబాదు పేరిట ఒక జట్టు ఆడినది. నగరముల పేరు వచ్చినది. పల్లెల పేరు రావలెను. చెడుగుడు పట్టు తెలిసిన బాలబాలికలు కొండవీటి చుట్టుప్రక్కల ఊళ్లలో లేకపోలేదు. వారికి కావలసినవి మూడు: రాళ్లు ఏరిన మెత్తని మైదానము, ఒక బంతి, మెడకు దెబ్బ తగులకుండ పడుట, పడవేయుట నేర్పు గురువు. ఈ మూడవది లేక మొదటి రెండును ఇచ్చుట ప్రమాదకరము. కావున పాఠశాలల పెద్దలు ముందుగా గురువును వెదకవలెను. బంతిని తరువాత కొనవచ్చును.