లెక్క ఊరిది, పేరు మనిషిది

(కోవిడ్ విధుల్లో ప్రాణాలు కోల్పోయిన ఆరోగ్య సిబ్బంది స్మృతిలో అబ్దుల్లాపూర్‌మెట్‌లో చేసిన ఉపన్యాసం)



ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా ఏర్పాటైంది కాదు. అందుకే ఆరోగ్య సిబ్బంది అందరి చేతుల్లోనూ ఉండే రిజిస్టరు గురించి మాట్లాడదలిచాను. అందులో రెండు రకాల సమాచారం ఉంటుంది. జబ్బు ఎవరికి వచ్చిందన్నది ఒకటి. ఎందరికి, ఏ వీధిలో, ఏ వారంలో వచ్చిందన్నది రెండోది. మొదటిది వైద్యం చేసేవాళ్లకు చాలు. రెండోది ఊరందరికీ కావాలి. 2020లో మనం ఈ రెంటినీ తారుమారు చేశాం. చెప్పాల్సిన లెక్క దాగింది, దాచాల్సిన పేరు వీధిన పడింది.

తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ రోగి ఉద్యోగం, ప్రయాణం, ఉండే ప్రాంతం అన్నీ వార్తల్లోకెక్కాయి. అదే నెలలో పొరుగున కర్ణాటక ప్రభుత్వం హోం క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలనే ప్రకటించింది. మే మొదటి వారంలో మన వనస్థలిపురంలో కొన్ని కాలనీలు కంటైన్‌మెంట్ జోన్లయ్యాయి. దేశంలో చాలాచోట్ల రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు వెలిశాయి. అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలా అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న చెప్పేసరికి మొదటి అల తగ్గుముఖం పట్టింది.

తలుపు మీద కాగితం అంటిస్తారన్న భయంతో ఎంతోమంది జ్వరాన్ని దాచుకుంటారు. పరీక్షకు రారు. వాళ్లు రాకపోతే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే పడకలు, ఆక్సిజన్ అంచనాలూ తప్పుతాయి. గోప్యత ప్రజారోగ్యానికి అడ్డం అనేవాళ్లకు నా జవాబు ఇదే: గోప్యత లేనిచోట నిజమైన లెక్కే పుట్టదు.

ఇక లెక్కల సంగతి. అప్పట్లో రోజూ వచ్చిన ప్రభుత్వ బులెటిన్‌లో జీహెచ్ఎంసీ ఒక వరుస, రంగారెడ్డి జిల్లా మరో వరుస. ఎల్బీనగర్, హయత్‌నగర్ మొదటి లెక్కలోకి, మన మండలం రెండో లెక్కలోకి వెళ్లాయి. విజయవాడ రహదారి మీద రోజూ ఇటూ అటూ తిరిగే మనిషికి తన చుట్టుపక్కల జబ్బు ఎంత ఉందో ఆ రెండు అంకెలు చెప్పలేదు. పరీక్షలు తక్కువని, బులెటిన్లలో వివరాలు లేవని 2020 జూన్, జూలై నెలల్లో తెలంగాణ హైకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ బి. విజయ్‌సేన్ రెడ్డి ధర్మాసనం ప్రభుత్వాన్ని నిలదీసింది. బులెటిన్‌లో వివరాలు పెరిగింది ఆ తర్వాతే.

పేరు అడగకుండా ఊరి ఆరోగ్యం తెలుసుకోవచ్చని నిరూపించింది కూడా మన హైదరాబాద్ నగరమే. ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, అందులో వైరస్ ఆనవాళ్లు ఎంత ఉన్నాయో కొలిచారు. దాదాపు 35 రోజుల వ్యవధిలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని 2020 ఆగస్టులో అంచనా కట్టారు. పరీక్షల్లో తేలిన కేసుల కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తర్వాత సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో దాదాపు 9,000 మందికి రక్తపరీక్షలు చేశాయి. 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయని 2021 మార్చిలో వెల్లడించాయి. వాళ్లలో నూటికి 75 మందికి పైగా తమకు జబ్బు వచ్చి పోయిన సంగతే తెలియదు. ఈ రెండు అధ్యయనాలూ పాలకులకు కావలసింది చెప్పాయి, ఎవరి గుట్టూ బయటపెట్టలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడో మగో అన్న వివరం ఉంటే చాలు, అమెరికాలో అత్యధికుల్ని గుర్తుపట్టవచ్చని డేటా గోప్యత పరిశోధకురాలు లతాన్యా స్వీనీ ఏనాడో చూపారు. నగర వార్డులో ఇరవై కేసులంటే అంకె. చిన్న పల్లెలో ఒక కేసంటే అది పేరే. అందుకే పల్లెల్లో చిన్న అంకెల్ని మండలం లెక్కలో కలిపి చెప్పాలి. పరిశోధకులకు కాపీలు పంచడం కూడా అవసరం లేదు. ఇంగ్లండ్‌లో ఓపెన్‌సేఫ్‌లీ వ్యవస్థ కోటీ డెబ్బై లక్షల మందికి పైగా రోగుల రికార్డుల్ని ఉన్నచోటే ఉంచి, పరిశోధకుల ప్రోగ్రాములనే అక్కడికి రప్పించింది. బయటికి వెళ్లింది ఫలితాల పట్టికలే.

చట్టం మనకు కొంత అండ ఇచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం అంటువ్యాధుల వేళ వైద్యసేవ అందించడానికి సమ్మతి అడగనక్కర్లేదంది. ఆ వెసులుబాటు సబబే. కానీ వైద్యం కోసం తీసుకున్న వివరం వైద్యానికే వాడాలి, పని తీరాక చెరిపేయాలి. లేదంటే అది బయటపడే ప్రమాదం ఉంది: 2023 జూన్‌లో టెలిగ్రామ్ బాట్‌లో ఫోన్ నంబరు కొడితే టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు ప్రత్యక్షమైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక్కడున్న ప్రజాప్రతినిధులకు, అధికారులకు నా విన్నపం ఇది. మరో మహమ్మారి వచ్చేదాకా ఆగకండి. డెంగీ సీజన్ నుంచే మొదలుపెట్టండి. వార్డులవారీగా, మండలాలవారీగా కేసులు, పరీక్షలు, ఖాళీ పడకలు ప్రతివారం ప్రకటించండి. రోగి పేరు ఏఎన్‌ఎం రిజిస్టరు, డాక్టరు టేబులు దాటనివ్వకండి. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా రోగుల జాబితా పెడితే, దాన్ని ముందుకు పంపకుండా అక్కడే తీయించే బాధ్యత మనందరిదీ.