పలక ఎవరు దిద్దాలి?



కరోనాతో బడులు మూతపడ్డాక, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు నేనో ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టమని తల్లిదండ్రులకు చెప్పాను. "ఏడాది ఖరాబు కావొద్దు సార్" అని కొందరు సరేనన్నారు. "ఫోన్లు చూసి కండ్లు పోతయి" అని కొందరు గొడవపడ్డారు. ఒక తల్లి మాత్రం ఇలా అడిగింది: "పెద్దోడు పాఠం వింటడు సరే సారూ, తప్పు రాస్తే ఎవలు దిద్దాలె? చిన్నోనికైతే పాఠమే లేకపాయె."

నిజమే. ఆ పాఠాలు మూడో తరగతి నుంచే. "టీవీలో బాగానే చెప్తరమ్మా" అని మాట దాటేశాను.

2021 సెప్టెంబరు 1న బడి తెరిచాం. ఒకటో తరగతిలో ఇంటికి వెళ్లిన ఆ చిన్నోడు మూడో తరగతిలో వచ్చి కూర్చున్నాడు. పేరు రాయమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగి నా మొహం చూశాడు. నేను దాటేసిన ప్రశ్న అలా ఎదురొచ్చింది.

స్వర్ణోత్సవ కానుకగా మన బడికి డిజిటల్ తెరలు ఇద్దామంటున్నారు. తప్పక ఇద్దాం. ఊళ్లో ఉన్నవాళ్లం సాయంత్రం ఒక గంట వచ్చి పిల్లల పలకలు కూడా దిద్దుదాం. మొదటి పేరు నాది రాసుకోండి.