మా రిజిస్టర్‌లో రాయని సంగతి
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, కిస్తీల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. మేము లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్పడానికి వచ్చాం. ఇందులో మేం చేసిన తప్పు కూడా ఉంది. ఆ తల్లీ కూతురూ ఇద్దరూ సరేనన్నాకే చెప్తున్నాం. పేర్లు చెప్పం, మీరూ అడగొద్దు.

మా సభ్యురాలి కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదివేది. సెలవులకు ఇంటికి వచ్చింది. అంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల డ్రెస్సులే వేసుకునేది. ఒకరోజు తల్లి చూస్తే చేతి మీద మచ్చలు. తనకు తానే చేసుకున్న గాయాలవి. భయంతో తల్లి రెండు దెబ్బలు వేసింది. ఆ తర్వాత సంఘం సమావేశంలో కూర్చుని ఏడ్చేసింది.

అప్పుడు మేమేం చేశాం? ఒకరు ప్రేమ వ్యవహారం అన్నారు. ఒకరు సెల్‌ఫోన్ వల్లే అన్నారు. ఒకరు దిష్టి తీయించమన్నారు. పొద్దుగూకేసరికి వీధంతా తెలిసిపోయింది. బయట చెప్పింది పరాయివాళ్లు కాదు, మాలో వాళ్లమే. పిల్ల ఇల్లు దాటి రావడం మానేసింది. తల్లి మూడు సమావేశాలకు రాలేదు. మేమేమో రిజిస్టర్ తీసి, గైర్హాజరుకు జరిమానా రాశాం!

మూడోసారి రాసేటప్పుడు మాకే సిగ్గనిపించింది. నలుగురం కలిసి వాళ్లింటికి వెళ్లి "తప్పయిపోయింది వదినా" అన్నాం. "పిల్లను చూసి ఎంత భయపడ్డానో, మీ నోళ్లకూ అంతే భయపడ్డాను" అంది. ఆ మాట మేం మర్చిపోలేం.

మా ఆశా కార్యకర్త 14416 నంబరు చెప్పింది. దాని పేరు టెలి మానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు తల్లి మాట్లాడింది. నాలుగు రోజులకు పిల్ల మాట్లాడింది. తర్వాత జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లారు. ప్రతిసారీ మాలో ఒకరం తోడు వెళ్లాం.

అక్కడ తెలుసుకున్నవి చెప్తాం, గుర్తుపెట్టుకోండి. ఇలా చేసుకునే పిల్లలందరూ చావాలని చేసుకోరు. లోపలి బాధ ఎలా చెప్పాలో తెలియక కొందరు చేసుకుంటారు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని నెమ్మదిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం తప్పు. కొట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. పక్కన కూర్చుని వినాలి. పురుగుమందు డబ్బాలు, మాత్రలు తాళంలో పెట్టాలి. ప్రాణం మీదికొస్తే 108కి ఫోన్ చేయాలి. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆపొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూస్తుంది. శిక్షించకూడదంటుంది, వైద్యం అందించాలంటుంది.

తల్లి గురించి కూడా ఆలోచించాలి అక్కలూ. ఇంట్లో భర్త "నీ పెంపకం" అంటాడు, అత్త "మా వంశంలో లేదు" అంటుంది. ఆమెకు నిద్ర ఉండదు. ఒకరోజు వంట చేసిపెట్టడం, ఒక గంట ఊరికే పక్కన కూర్చోవడం, ఇవే మేం చేయగలిగాం. అదే పెద్ద బలమైందని తర్వాత తనే చెప్పింది.

పిల్ల ఇప్పుడు ఇంటి నుంచే కాలేజీకి వెళ్తోంది. అంతా నయమైపోయిందని చెప్పం. మధ్యలో ఒకసారి మళ్లీ చేసుకుంది. కానీ ఈసారి తనే వచ్చి అమ్మకు చెప్పింది.

మా సంఘంలో తీర్మానం చేసుకున్నాం. పిల్లల బాధ గురించి ఎవరు చెప్పుకున్నా అది మినిట్స్‌లో రాయం, గుమ్మం దాటనివ్వం. ఆసుపత్రి ఛార్జీలకు అంతర్గత అప్పు ముందుగా ఇస్తాం. ఆమెకు రాసిన మూడు జరిమానాలూ కొట్టేశాం.

మీ సంఘంలో ఏ అక్కైనా వరసగా సమావేశాలకు రాకపోతే, జరిమానా రాసేముందు ఒకసారి ఆమె ఇంటికి వెళ్లి రండి. సెలవు.