చావుపాటకు పెళ్ళిబాజా

ఎవరి పేరిట ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పడిందో ఆ సంగీతం మాస్టారికి బ్యాండుమేళమంటే మహా ఇష్టం. వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళుతుంటే పాఠం ఆపి అరుగు మీదికి వచ్చి నిలబడేవారు. ఆ చనువుతోనే ఇవాళ త్యాగయ్యనీ క్షేత్రయ్యనీ పక్కన పెట్టి, ఒక అమెరికన్ ఆల్బమ్ గురించి మాట్లాడతాను.

న్యూట్రల్ మిల్క్ హోటల్ అంటే హోటలు కాదు. లూసియానా రాష్ట్రంలో రస్టన్ అనే చిన్న ఊరి కుర్రాడు జెఫ్ మాంగమ్ పెట్టుకున్న బ్యాండు. చిన్ననాటి నేస్తం రాబర్ట్ ష్నైడర్ దగ్గర 1997లో డెన్వర్‌లో రికార్డు చేసిన 'ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ' 1998 ఫిబ్రవరిలో వచ్చింది.

అంతకుముందు మాంగమ్ ఆన్ ఫ్రాంక్ డైరీ చదివాడు. చదివి రోజుల తరబడి ఏడ్చానని ఆయనే చెప్పుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళకు పైగా దాక్కుని, 1945 మొదట్లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో పదిహేనేళ్ళకే పోయిన పిల్ల ఆన్. ఆ పిల్ల మీద పాట కట్టమంటే మనం ఏం చేస్తాం? గొంతు తగ్గిస్తాం, నడక నెమ్మది చేస్తాం, ఒక వయొలిన్ పెడతాం. 'హాలండ్, 1945' పాటలో మాంగమ్ ఆ పని చేయలేదు. గిటారు గరగరమంటుంది, డ్రమ్ములు పరుగెత్తుతాయి, బాకాలు దూకుతాయి. అంతా కలిపి మూడు నిమిషాల చిల్లర. ఇంగ్లీషు రానివాళ్ళు వింటే ఎవరిదో పెళ్ళి అనుకుంటారు.

దీన్ని వైరుధ్యం అనడం తేలిక. నాకలా తోచదు. మన ఊళ్ళలో శవం ముందు డప్పు మోగుతుంది, ఆ దరువుకు కాళ్ళూ కదులుతాయి. పోయిన మనిషిని గుట్టుగా సాగనంపడానికి ఊరు ఒప్పుకోదు, అంతే. ఆ బ్యాండుకు మన డప్పు తెలియకపోవచ్చు. విన్న చెవి మాత్రం ఇక్కడిది.

ఆల్బమ్ పేరున్న పాట మరీ చిత్రం. గిటార్ నేర్చుకునే పిల్లలు మొదటి నెలలో పట్టే నాలుగు కార్డులే. 1950ల ప్రేమపాటల్లో అరిగిపోయిన వరస. దాని మీద బ్యాండులోని జూలియన్ కోస్టర్ రంపం వాయిస్తాడు. వడ్రంగి రంపం లాంటిదే. పిడిని మోకాళ్ళ మధ్య ఇరికించి, రేకు వంచి, కమానుతో రాస్తే మనిషి గొంతులా సన్నగా వణుకుతుంది. ఏడుపు వరస మీదైతే ఆ వణుకు ఇంకో ఏడుపుగా కలిసిపోయేది. హాయిగా సాగే పాట మీద కాబట్టే గుచ్చుకుంటుంది.

నిజంగా చచ్చిపోయిన ఆన్‌ను తన కలల్లోకి లాక్కునే హక్కు మాంగమ్‌కెక్కడిది అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొన్నిచోట్ల పాటల్లో మాటలు ఎటు పోతున్నాయో నాకూ అందదు.

అయినా ఆ పాటలు చేరవలసినవాళ్ళకు చేరాయి. 2014 డిసెంబరులో అమెరికన్ టీవీ హాస్యనటుడు స్టీఫెన్ కోల్బెర్ తన టీవీ కార్యక్రమం ఆఖరి భాగాన్ని 'హాలండ్, 1945'తో ముగించాడు. పదేళ్ళ వయసులో తండ్రినీ ఇద్దరు అన్నలనూ విమాన ప్రమాదంలో పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఇంటికి వెళ్ళాక ఒక నలభై నిమిషాలు తీరిక చేసుకుని మొదటి నుంచీ వినండి. చివరి పాటలో బాకాల హోరు ఉండదు. అది అయిపోయిందని కట్టేయకండి. మాంగమ్ గిటారు కింద పెట్టి, లేచి వెళ్ళిపోతున్న చప్పుడు కూడా అందులో ఉంది.